లడ్డూగాడి జుట్టూ, మా అత్తయ్యగారి మడీ

ఈ మధ్య నెలకి ఒకరైనా ఫోన్ చేసి అడుగుతున్నారు. "మా పిల్లలు డూడుల్ కావాలని ప్రాణం తీస్తున్నారే, మీ ఇంట్లో ఉంది కదా, ఎలా ఉంటుందేమిటి? జుట్టు రాలదటగా? వాసన కూడా రాదటగా?" అని. పొయ్యి మీద కూర పెట్టుకుని ఫోన్లో చెప్పే విషయమా ఇది? అందుకే కూర్చుని రాసేస్తున్నాను. ఇకమీదట ఎవరడిగినా ఇది చదువుకోమని పంపించేస్తాను. మధ్య మధ్యలో మా అత్తయ్యగారు వస్తుంటారు. ఆవిణ్ణి పక్కన పెట్టి మా లడ్డూగాడి సంగతి చెప్పడం నా వల్ల కాదు.

మాది మినీ గోల్డెన్‌డూడుల్. తల్లి గోల్డెన్ రిట్రీవర్, తండ్రి చిన్న రకం పూడుల్. 5 ఏళ్ళు నిండాయి, 30 పౌండ్ల బరువు, అంటే మన లెక్కలో పదమూడున్నర కిలోలు. రంగు అచ్చం నేతిలో వేయించిన బూందీ రంగు, అందుకే మా అమ్మాయి లడ్డూ అని పేరు పెట్టింది. అత్తయ్యగారికి ఆ పేరు ససేమిరా నచ్చలేదు. "స్వామికి నైవేద్యం పెట్టే పదార్థం పేరు కుక్కకి పెడతారా ఎక్కడైనా!" అన్నారు. ఈ రోజుకీ ఆవిడ నోట ఆ పేరు రాదు. "ఒరే నాయనా" అనే పిలుస్తారు. వాడూ పలుకుతాడు.

ఈ డూడుల్స్ కథ ఆస్ట్రేలియాలో మొదలైంది. 1980ల చివర్లో విక్టోరియా రాష్ట్రంలో, చూపు లేనివాళ్ళకి దారి చూపించే కుక్కల్ని పెంచే సంస్థలో వాలీ కాన్రన్ అనే ఆయన పనిచేసేవాడు. హవాయి నుంచి ఒకావిడ రాసిందట, నాకు చూపు లేదు, దారి చూపే కుక్క కావాలి, కానీ మా ఆయనకి కుక్క జుట్టు పడదు, ఏం చెయ్యమంటారు అని. పూడుల్ జుట్టు పెద్దగా రాలదు కదా అని ఆయన ముందు పూడుల్స్‌కే శిక్షణ ఇచ్చి చూశాడు. ఆ పనికి ఒక్కటీ కుదరలేదు. చివరికి లాబ్రడార్‌ని పూడుల్‌తో కలిపించాడు. మూడు పిల్లలు పుట్టాయి. వాటిలో ఒకటి ఆ ఇంటికి సరిపోయింది. మిగతా రెండింటినీ సంకర జాతి అని ఎవరూ తీసుకోలేదట. అప్పుడు లాబ్రడూడుల్ అని ఓ ముద్దు పేరు పెట్టేసరికి, ఎక్కడలేని గిరాకీ వచ్చేసింది. మన మనుషుల సంగతి ఇంతే, పేరు మారిస్తే చాలు. ఆ తరవాత దొరికిన ప్రతి జాతినీ పూడుల్‌తో కలిపి, తల్లిదండ్రుల ఆరోగ్యం కూడా చూడకుండా పిల్లల్ని అమ్ముకునేవాళ్ళు బయల్దేరారు. ఆ పెద్దాయనే 2019లో, నా జీవితంలో నేను విచారించే పని ఇదే అన్నాడు. కాబట్టి కొనే ముందు తల్లిదండ్రుల తుంటి కీళ్ళ పరీక్ష, కళ్ళ పరీక్ష కాగితాలు అడగండి. చూపించడానికి నసిగితే లేచి వచ్చేయండి, పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా సరే.

ఇక ఎలర్జీ సంగతి. పడనివాళ్ళకి పడనిది నిజానికి జుట్టు కాదు, కుక్క ఉమ్మిలోనూ చర్మపు పొట్టులోనూ ఉండే ప్రోటీన్లు. జుట్టు తక్కువ రాలినంత మాత్రాన అవి ఎక్కడికీ పోవు. నెదర్లాండ్స్‌లో దీని మీద పరిశోధన చేసి 2012లో ప్రచురించారు. ఎలర్జీ రానివ్వదని పేరుపడ్డ జాతుల జుట్టులో ఆ ప్రోటీను తక్కువేమీ కనిపించలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే అమ్మేవాళ్ళ మాట మీద పోకుండా, ఆ కుక్కతోనే రెండు మూడు సార్లు గంటల తరబడి కూర్చుని చూసుకోవాలి. మావారు మొదటి నెలంతా తుమ్మారు. తరవాత సర్దుకుంది. మీకూ సర్దుకుంటుందని నేను చెప్పలేను.

జుట్టు రాలదు సరే, రాలనిది ఎక్కడికి పోతుంది? ఆ ఉంగరాల్లోనే చిక్కుకుంటుంది. చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో. పైకి చూస్తే మెత్తగా దూదిలా ఉంటుంది, వేళ్ళు పెట్టి చూస్తే లోపల గట్టి కంబళి. మా వీధిలో ఒకళ్ళ డూడుల్‌కి ఇలాగే అయి, కత్తిరించేవాళ్ళు నున్నగా గుండు చేసి పంపించారు. వాళ్ళు లబోదిబోమన్నారు గానీ, అంత చిక్కు లాగితే ఆ మూగజీవికి నరకం. గుండు కొట్టడమే దయ. ముఖ్యంగా పిల్ల జుట్టు పోయి పెద్ద జుట్టు వచ్చే రోజుల్లో, అంటే దగ్గర దగ్గర ఏడాది వయసు వచ్చేదాకా, ఒక్క రోజు వదిలేసినా జడలు కట్టేస్తుంది.

ఓ ఆదివారం మావారు బ్రష్ పట్టుకుని వాడి వీపు మీద సుతారంగా దువ్వుతుంటే, అత్తయ్యగారు తన గది గుమ్మంలోంచి చూసి చూసి ఉండబట్టలేక అన్నారు. "పైపైన దువ్వితే చిక్కు పోతుందట్రా? పాయలు తియ్యి. కింది పాయ ముందు, పై పాయ తరవాత. కుదుళ్ళ దగ్గర చెయ్యి అదిమి పట్టుకుని కొసల నుంచి విడదీసుకుంటూ రా. అప్పుడు నొప్పి తెలీదు." ముగ్గురు ఆడపిల్లలకి మోకాళ్ళ దాకా జడలు వేసి బడికి పంపించిన చెయ్యి అది. మా గ్రూమర్ వంద డాలర్లు పుచ్చుకుని చెప్పిందీ అక్షరాలా ఇదే. పాయలుగా విడదీసి చర్మం దాకా దువ్వడం, ఆ తరవాత స్టీలు దువ్వెన ఎక్కడా తగలకుండా వెళ్తోందో లేదో చూసుకోవడం. స్నానానికి ముందే ఇదంతా అయిపోవాలి. తడిస్తే చిక్కు ఇంకా బిగుసుకుపోతుంది. రోజు విడిచి రోజు 20 నిమిషాలు, 6 వారాలకోసారి గ్రూమర్. ఆ బిల్లు చూసి అత్తయ్యగారు రూపాయల్లోకి మార్చి, "కుక్కకి క్షవరం పదివేలా! మీ మామయ్యగారికి ఏడాదికి అంత అవలేదు" అన్నారు. నిజమే మరి.

స్వభావం గురించి చెప్పాలంటే ముందు తెలివి గురించి చెప్పాలి. పూడుల్ అంటే సోఫాలో కూర్చోబెట్టుకునే బొమ్మ కాదు. ఒకప్పుడు నీళ్ళలో పడ్డ బాతుల్ని ఈది తెచ్చిన వేటకుక్క. బొమ్మల్లో చూస్తామే, కీళ్ళ దగ్గరా గుండె మీదా జుట్టు ఉంచి మిగతాది గీసేసిన వింత వేషం, అది కూడా ఈతకి అడ్డం రాకుండా, చన్నీళ్ళలో కీళ్ళు బిగుసుకోకుండా మొదలైందే. స్టాన్లీ కోరెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1994లో కుక్కల తెలివి మీద రాసిన పుస్తకంలో పూడుల్‌కి రెండో స్థానం, గోల్డెన్ రిట్రీవర్‌కి నాలుగో స్థానం ఇచ్చాడు. ఇద్దరు ఫస్టు క్లాసు వాళ్ళకి పుట్టిన బిడ్డని ఖాళీగా కూర్చోబెడితే ఏం చేస్తాడు? మీ బుర్ర తింటాడు. పొద్దున్నా సాయంత్రమూ నడకే కాదు, ముక్కుకీ బుర్రకీ కూడా పని ఉండాలి. నేను పాత తువ్వాలు మడతల్లో వాడి గింజలు దాచి ఇస్తాను, వెతుక్కుంటూ ఉంటాడు. అరగంట నాకు ప్రశాంతం.

రెండోది, మనిషిని వదలడు. నేను వంటింట్లో ఉంటే కాళ్ళ దగ్గర, బట్టలు మడత పెడుతుంటే ఆ బట్టల మీద. గొంతు కొంచెం పెంచితే చాలు, వాడినే తిట్టినట్టు చెవులు వాల్చేస్తాడు. మావారూ నేనూ కాస్త గట్టిగా మాట్లాడుకుంటే ఆయన దగ్గరికోసారి, నా దగ్గరికోసారి తిరుగుతాడు, రాయబారం వచ్చినవాడిలా. ఇంట్లో ఎవరూ లేకుండా ఉండటం వాడికి పిల్లప్పుడే నేర్పించాలి. నిమిషంతో మొదలుపెట్టి, రెండు నిమిషాలు, ఐదు, పది, అలా. మీరు ఏటా రెండు నెలలు ఇండియా వెళ్ళే కుటుంబమైతే ఈ సంగతి బాగా ఆలోచించుకుని దిగండి.

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయినప్పుడు చూశాను ఆ గుణం. రెండు రోజుల ముందు నుంచీ సూట్‌కేసు హాల్లో తెరిచి పెట్టి ఉంది. మూడో రోజు అదీ లేదు, పిల్లా లేదు. దాని గది గుమ్మంలో, దాని పాత మేజోడు ముందు పెట్టుకుని, వారం రోజులు సరిగా తినలేదు. ఇప్పటికీ ఇంట్లో ఎవరిదైనా సూట్‌కేసు కనిపిస్తే వాడికి ముద్ద దిగదు. వాడు బయటికి చూపించుకున్నాడు, నేను చూపించుకోలేదు. అంతే తేడా. మావారు ఆఫీసుకి వెళ్ళాక సాయంత్రం దాకా ఆ ఇంట్లో నేను నోరు విప్పి మాట్లాడేది వాడితోనే.

మామయ్యగారు పోయింది ఆ మరుసటి సంక్రాంతికి ముందు. కార్యక్రమాలన్నీ అయ్యాక అత్తయ్యగారు గుడివాడలో ఇంటికి తాళం పెట్టి మా దగ్గరికి వచ్చేయాలని నిర్ణయమైంది. ఆవిడది మడీ పూజా ఉన్న పద్ధతి. వాళ్ళ ఊళ్ళో కుక్కలంటే పెరట్లో చెయ్యి కడిగిన చోట అన్నం తినేవి, గడప దాటి లోపలికి వచ్చేవి కావు. మావారు నెమ్మదిగా అన్నారు, ఆస్టిన్‌లో ఉన్న తన స్నేహితుడికి పెద్ద పెరడు ఉంది, వాడు లడ్డూని తీసుకుంటానంటున్నాడు, అమ్మ వచ్చే లోపల పంపించేద్దాం అని. ఆయన మాటలో తప్పేముంది? యాభై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి పోయి, ఊరు కాని ఊరు వస్తున్న తల్లి. ఓ పక్క ఆవిణ్ణీ, ఇంకో పక్క కుక్కనీ పెట్టి తూచితే ఏ కోడలైనా ఏం మాట్లాడగలదు? "చూద్దాం" అన్నాను. ఆ చూద్దాంతోనే ఆవిడ వచ్చేదాకా నెట్టుకొచ్చాను.

వచ్చిన మూడు వారాలు ఆవిడ గది దాటి పెద్దగా బయటికి రాలేదు. కంచం గదిలోకే. మాట అడిగితే మాట. ఇది కుక్క వల్లనా, దుఃఖం వల్లనా అన్నది మాకెవరికీ అర్థం కాలేదు. కుక్క వల్లే అని మావారు, కాదని నేను. ఓ రాత్రి వంటింట్లో గొంతులు తగ్గించుకుని దీని మీదే మళ్ళీ వాదన. "శనివారం తీసుకెళ్ళిపోతాను, ఇంక నువ్వేం అనకు" అన్నారాయన. నేను సింకులో గిన్నెలు తోముతూనే ఉన్నాను, తోమినవే మళ్ళీ తోముతూ. లడ్డూగాడు మామూలుగానే ఇద్దరి మధ్యా తిరుగుతున్నాడు.

మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర అత్తయ్యగారు కొడుకుని పిలిచారు. "ఏరా, వాణ్ణి ఎక్కడికో పంపించేస్తారటగా నా పేరు చెప్పి? నేనే ఓ ఇంటికి తాళం వేసి వచ్చాను. తెల్లవారుజామున లేస్తే తలుపు ఎటుందో, గోడ ఎటుందో తెలీడం లేదు నాకు. ఆ అవస్థ నేను పడుతున్నది చాలు. ఇంకొకళ్ళని కూడా ఇల్లు మార్పించకండి. నా జోలికి రాకుండా చూడండి, అంతే" అన్నారు. కాఫీ తాగి గ్లాసు తనే కడిగి బోర్లించి లోపలికి వెళ్ళిపోయారు. మావారు ఆ శనివారం ఆస్టిన్‌కి కాదు, హోమ్ డిపోకి వెళ్ళి, పిల్లలకి మెట్ల దగ్గర పెట్టే లాంటి చిన్న గేటు తెచ్చి పూజగదికి బిగించారు.

జోలికి రాకుండా చూడటం ఎలా అంటే, చాప. నిజంగా చాపే. వంటింటి గుమ్మం పక్కన ఒకటి పరిచాం. వాణ్ణి దాని మీదికి పిలవడం, కూర్చోగానే చిన్న కేరట్ ముక్క చాప మీదే పెట్టడం. ముందు రెండు క్షణాలు కూర్చుంటే ఒకటి, తరవాత పది క్షణాలకి ఒకటి, తరవాత నేను ఓ అడుగు వెనక్కి వెళ్ళి వచ్చి ఒకటి. ఈ అడుగులే పెంచుకుంటూ పోవాలి, తొందరపడకూడదు. మూడు వారాలకి, నేను పోపు వేసి, అన్నాలు వడ్డించి, అందరి భోజనాలూ అయ్యేదాకా చాప దిగకుండా ఉండటం వచ్చింది. ఇంకో ముఖ్యమైన సంగతి, పనికి ఒకే మాట ఉండాలి, అందరూ అదే అనాలి. అత్తయ్యగారు అనగలిగేవి కావాలి కాబట్టి అన్నీ తెలుగులోనే పెట్టాం. రా, ఆగు, వద్దు, చాప. మా వీధిలో అమెరికన్ పిల్లలు కూడా వాణ్ణి "ఆగూ" అంటారు ఇప్పుడు, చివర దీర్ఘం తీసి మరీ.

మన వంటిళ్ళలో కుక్క ఉన్నవాళ్ళు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఉల్లిపాయా వెల్లుల్లీ వాటి ఎర్ర రక్తకణాల్ని పాడుచేస్తాయి, పచ్చివైనా ఉడికినవైనా, పొడులైనా సరే. అంటే మన సాంబారు, కూరలు, పచ్చళ్ళు దాదాపు అన్నీ పనికిరావు. ద్రాక్ష, ఎండుద్రాక్ష ఇంకా ప్రమాదం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎన్ని తింటే ఫరవాలేదు అనే లెక్క లేదు, ఒక్కటి మింగినా డాక్టరుకి ఫోన్ చెయ్యాల్సిందే. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్ కూడా అంతే. ఉప్పూ పోపూ లేని పెరుగన్నం రెండు ముద్దలు, ఉడికిన బీన్స్, గుమ్మడికాయ ముక్క పెట్టొచ్చు. నేను ఇదంతా అత్తయ్యగారికి చెప్పినప్పుడు ఊ అనలేదు, ఆ అనలేదు. శ్రీరామనవమికి పరవాన్నంలో కిస్‌మిస్ కనిపించలేదు. అడిగితే, "నా చెయ్యి వణుకుతుంది, కింద ఒకటి పడితే ఎవడు చూస్తాడు? జీడిపప్పు చాల్లే" అన్నారు. కిస్‌మిస్ డబ్బా పై అరలోకి వెళ్ళిపోయింది.

వాడి చెవి సంగతి కూడా ముందు కనిపెట్టింది ఆవిడే. వేలాడే చెవులు, లోపల కూడా జుట్టు, గాలి ఆడదు. తడి ఆరకపోతే అంతే సంగతులు. ఓ రోజు తన కుర్చీలోంచి, "అమ్మాయ్, ఇక్కడ పులిసిన పిండి వాసన వస్తోంది. దోసెల పిండి లోపలే ఉందిగా?" అన్నారు. ఫ్రిజ్‌లోనే ఉంది. రెండు నిమిషాలాగి, "పిండి కాదు, వీడే" అన్నారు. డాక్టరు చూసి చెవిలో ఈస్టు పెరిగిందంది. అరవై ఏళ్ళు పిండి పులియబెట్టిన ముక్కు మరి, తప్పుతుందా! రెండు వారాలు చుక్కల మందు. అప్పటి నుంచి స్నానం చేయించిన ప్రతిసారీ చెవులు పొడిగా తుడవడం, వారానికోసారి ఎత్తి వాసన చూడటం నా పని. దూది పుల్లలు మాత్రం లోపలికి పెట్టకండి.

డాలస్ ఎండల గురించి ఒక్క మాట. జులైలో రోడ్డు మీద అరచెయ్యి వెనక్కి తిప్పి 7 సెకన్లు ఆనించి చూడండి. మీరు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనవు. తెల్లవారకముందే నడక. దోమలున్న చోట గుండె పురుగుల మాత్ర నెలనెలా, ఏడాది పొడుగునా వెయ్యాలి. చలికాలం కదా అని ఆపకూడదు.

పోయిన ఏప్రిల్లో గాలివాన వచ్చింది, ఇక్కడి గాలివానలు ఎలా ఉంటాయో తెలుసుగా, ఫోన్లన్నీ ఒకేసారి సైరన్ మోగిస్తాయి. మావారు ఊళ్ళో లేరు. నేను కొవ్వొత్తి కోసం వెళ్ళి వచ్చేసరికి, వాడు పూజగది గేటుకి ఆనుకుని నిలువెల్లా వణికిపోతున్నాడు. అవతల అత్తయ్యగారు పీట మీద. గేటు సందులోంచి చెయ్యి బయటికి పెట్టి వాడి నెత్తి మీద వేసి ఉంచారు. నన్ను చూసినా చెయ్యి తియ్యలేదు. వాన వెలిశాక లేచి, ఆ రాత్రి పదకొండింటికి తలస్నానం చేసి వచ్చి, మళ్ళీ దీపం పెట్టుకున్నారు. ఆవిడ ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు. ఆ తరవాత మళ్ళీ ఎప్పుడూ ముట్టుకోలేదు కూడా. కానీ వాళ్ళ చెల్లెలితో ఫోన్లో, "మావాడికి ఉరుములంటే భయమే" అనడం మాత్రం విన్నాను.

ఇప్పుడు ఆవిడ గుడివాడ వెళ్తున్నారు, ఇల్లు అద్దెకిచ్చే పని మీద, రెండు నెలలు. ప్రయాణం ఇంకా పన్నెండు రోజులుంది. సూట్‌కేసు గరాజ్‌లో కారు వెనక పెట్టాం. లడ్డూగాడు పెరట్లో ఉన్నప్పుడల్లా అత్తయ్యగారు రెండేసి చీరలు కొంగు కింద పెట్టుకుని, దొంగలా గరాజ్‌లోకి చేరవేస్తున్నారు. నిన్న సాయంత్రానికి ఏడు చీరలు చేరాయి. వాడికి ఇంకా తెలీదనే అనుకుంటున్నాం.